కాళ్ళ సూపు – ఎముకల బలం : కప్పులోకి వచ్చేదెంత? కంచంలో మిగిలేదెంత?

ఆదివారం ఉదయం విజయవాడలో ఏ మాంసం దుకాణానికి వెళ్ళినా మేక కాళ్ళు కావాలని అడిగేవారు నలుగురైనా కనిపిస్తారు. ఒకరి ఇంట్లో అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. మరొకరి ఇంట్లో పిల్లవాడికి చెయ్యి విరిగి కట్టు కట్టారు. ఇంకొకరి ఇంట్లో జ్వరం తగ్గినా నీరసం తగ్గని మనిషి. అందరికీ పెద్దలు చెప్పిన ఉపాయం ఒక్కటే: కాళ్ళ సూపు. ఆ వరుసలో నేను కూడా మూడేళ్ళపాటు నిలబడ్డాను. ఆ మూడేళ్ళలో నేను చేసిన పొరపాటు మరొక ఇంట్లో జరగకూడదనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

2006లో చికున్ గున్యా జ్వరం ఆంధ్రప్రదేశ్ అంతటా వ్యాపించినప్పుడు కాలువల ఒడ్డున ఉన్న మా పేటను కూడా వదలలేదు. మా అమ్మకు అప్పుడు అరవై ఏళ్ళు. జ్వరం వారంలో దిగిపోయింది గాని కీళ్ళ నొప్పులు నెలల తరబడి పీడించాయి. గ్లాసు పట్టుకోవడానికి వేళ్ళు వంగేవి కావు. పక్కింటి పిన్నిగారు వచ్చి, "వారానికి మూడుసార్లు కాళ్ళ సూపు పట్టవమ్మా, ఎముకకు ఎముకే మందు" అని చెప్పారు. పట్టాను. అమ్మకు ఆకలి పుట్టింది, ముఖంలో కళ వచ్చింది, క్రమంగా నొప్పులు కూడా తగ్గాయి. మా నమ్మకం స్థిరపడింది.

అమ్మకు పాలంటే మొదటినుంచీ ఇష్టం లేదు. వైద్యులు వ్రాసిన సున్నపు మాత్రలు వేడి చేస్తాయని ఆమె భయం. "సూపు తాగుతున్నాను కదే, ఇంక అవన్నీ ఎందుకు?" అన్నప్పుడు నేను కాదనలేదు. 2009లో ఒక తెల్లవారుజామున పెరటి మెట్టు మీద కాలు జారి పడింది. పెద్ద ఎత్తు కాదు, ఒక్క మెట్టు. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స అనంతరం పరీక్షలు చేసిన వైద్యులు, ఎముకలు బాగా గుల్లబారాయనీ, డి విటమిన్ చాలా తక్కువగా ఉందనీ చెప్పారు. "మూడేళ్ళుగా కాళ్ళ సూపు ఇస్తున్నామండీ" అన్నాను. ఆయన నొచ్చుకోకుండా, "సూపు మంచిదే అమ్మా. కాని మీరు అనుకుంటున్నది అందులో లేదు" అన్నారు.

సూపు వల్ల ఎముక విరిగిందని నేను అనడం లేదు. సూపు ఉన్నదన్న ధీమాతో ఎముకకు నిజంగా కావలసినవన్నీ మానిపించాను. అక్కడే ఉంది పొరపాటు.

శాస్త్రం ఏమి చెప్పింది?

ఆయుర్వేదంలో మాంసరసానికి గొప్ప స్థానం ఉంది. చరకసంహిత సూత్రస్థానంలోని ఇరవై ఏడవ అధ్యాయం, అన్నపాన విధిని వివరిస్తూ, రోగం నుంచి కోలుకుంటున్నవారికి, కృశించినవారికి, బలం కోరేవారికి మాంసరసం హితకరమని ప్రశంసించింది. మేక మాంసం మరీ గురువు కాదనీ, మానవ శరీర ధాతువులకు సన్నిహితమైనదనీ పేర్కొన్నది. శారీరస్థానం ఆరవ అధ్యాయంలో సామాన్య సిద్ధాంతం ఉంది. మాంసం మాంసం చేత, మజ్జ మజ్జ చేత, అస్థి తరుణాస్థి చేత పోషింపబడతాయని దాని సారాంశం. తరుణాస్థి అంటే మృదులాస్థి, మెత్తని ఎముక. మన కాళ్ళ సూపు వెనుక ఉన్న ఆలోచన ఇదే.

అయితే ఈ గ్రంథంలో తరుణాస్థి అనే మాటను గమనించాలి. నమలడానికి వీలైన మెత్తని భాగాన్నే ప్రస్తావించారు. గట్టి ఎముకను నీళ్ళలో కాచి, ఎముకను పారవేసి, నీళ్ళు తాగితే ఎముక మొత్తం వంట్లో చేరుతుందని అందులో లేదు. ఆ మాట మనం కలుపుకున్నది.

నేను ప్రతి ఏడూ బోధించిన పాఠం

నేను వైద్యురాలిని కాను. ముప్పై ఏళ్ళు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించాను. ఎముకల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు రెండు ప్రయోగాలు చూపేదాన్ని. కోడి కాలి ఎముకను సజల హైడ్రోక్లోరికామ్లంలో కొన్ని రోజులు ఉంచితే సున్నపు లవణాలు కరిగిపోయి ఎముక రబ్బరులా వంగుతుంది. మరొక ఎముకను నిప్పులో బాగా కాలిస్తే అందులోని మాంసకృత్తు మాడిపోయి, ముట్టుకుంటే పొడి అవుతుంది. అంటే ఎముకలో రెండు పదార్థాలు పెనవేసుకొని ఉన్నాయి. సాగే గుణం ఇచ్చేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. గట్టిదనం ఇచ్చేది కాల్షియం, భాస్వరం కలిసిన లవణం.

ఎముకను నీళ్ళలో గంటల తరబడి ఉడికిస్తే వీటిలో ఏది బయటకు వస్తుంది? కొల్లాజెన్ వస్తుంది. అది వేడికి విడిపోయి జెలటిన్‌గా మారి నీటిలో కలుస్తుంది. చల్లారిన సూపు గడ్డ కట్టడానికి కారణం అదే. సున్నపు లవణం మాత్రం నీటిలో దాదాపు కరగదు. కుక్కరులో బాగా ఉడికిన ఎముక వేళ్ళతో నలిపితే పొడి కావడం గృహిణులందరూ చూసే ఉంటారు. జిగురు పోయి సున్నం మిగిలిన ఎముక అది. మనకు కావలసిన సున్నం కప్పులోకి రాలేదు; కంచంలో మిగిలిపోయి చెత్తబుట్టలో చేరింది. ఏటేటా పిల్లలకు చెప్పిన ఈ సంగతి మా వంటింట్లో నాకే తట్టలేదు.

నిమ్మరసం, టొమాటో వంటి పులుపు చేర్చితే కొంచెం ఎక్కువ కరుగుతుంది. అయినా ఒక కప్పు సూపులో లభించే కాల్షియం మనకు రోజుకు కావలసినదానిలో నూటికి అయిదు పాళ్ళకు మించదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 240 మిల్లీగ్రాములు ఉంటుంది.

ఈ భ్రమ మనకు మాత్రమే కలిగినది కాదు. నేడు మన ఇళ్ళలో ఉన్న ప్రెషర్ కుక్కరుకు మూలపురుషుడు డెనీ పాపిన్ అనే ఫ్రాన్సు దేశస్థుడు. 1679లో లండన్‌లోని రాయల్ సొసైటీ ముందు ఆయన ప్రదర్శించిన పాత్ర ఎముకలను మెత్తబరచడానికి ఉద్దేశించినదే. ఆ తరువాత శతాబ్దంన్నరకు పారిస్ నగరంలో ఎముకల నుంచి తీసిన జెలటిన్‌తో పేదలను పోషించవచ్చునని కొందరు ప్రచారం చేశారు. శాస్త్రవేత్తల సంఘం ఒకటి ఏళ్ళ తరబడి కుక్కలపై పరీక్షలు జరిపింది. 1841లో మజాండీ సమర్పించిన నివేదిక జెలటిన్ ఒక్కటే ప్రాణిని పోషించలేదని తేల్చింది. జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర ఆమినో ఆమ్లం లేదని తరువాతి కాలంలో తెలిసింది. పైగా మనం తాగిన జెలటిన్ నేరుగా మోకాలికి వెళ్ళి అతుక్కోదు. జీర్ణాశయంలో చిన్న భాగాలుగా విడిపోయి, శరీరానికి ఎక్కడ అవసరమైతే అక్కడికి చేరుతుంది.

మరి సూపు ఎందుకు?

మాంసరసం రోగికి ఆహారం. ఆకలి పుట్టిస్తుంది. నమలలేనివారికి, అన్నం సహించనివారికి వెచ్చగా, రుచిగా కడుపులో పడుతుంది. నీరు, లవణం, కొంత మాంసకృత్తు అందుతాయి. మా అమ్మకు జ్వరం తరువాత జరిగిన మేలు ఇదే. అది నిజమైన మేలు. కనుక సూపు మానవద్దు. సరిగా చేసుకోవాలి.

కావలసినవి: కాల్చి, గీకి, శుభ్రపరచిన మేక కాళ్ళు 4, నీరు 2 లీటర్లు, చిన్న ఉల్లిపాయలు గుప్పెడు, అల్లం రెండంగుళాల ముక్క, వెల్లుల్లి 8 రెబ్బలు, మిరియాలు, జీలకర్ర ఒక్కొక్క చెంచా, ధనియాలు 2 చెంచాలు, పసుపు అర చెంచా, టొమాటోలు 2, కరివేపాకు, ఉప్పు తగినంత.

తయారుచేసే విధానం: కాళ్ళను ఉప్పు, పసుపు వేసిన నీటిలో రుద్ది కడగాలి. మునిగేటన్ని నీళ్ళలో అయిదు నిమిషాలు మరిగించి ఆ నీరు పారబోయాలి. ఇందువల్ల నీచువాసన, మురికి పోతాయి. తరువాత రెండు లీటర్ల నీరు, ఉల్లి, టొమాటో, దంచిన అల్లం వెల్లుల్లి, పసుపు చేర్చి కుక్కరులో ఒక కూత వచ్చాక సన్నని సెగపై గంటసేపు ఉడికించాలి. మామూలు గిన్నెలో అయితే మూడు నాలుగు గంటలు పడుతుంది. వేయించి దంచిన మిరియాలు, జీలకర్ర, ధనియాల పొడి, కరివేపాకు వేసి మరో పది నిమిషాలు మరగనిచ్చి, పైన తేలిన కొవ్వు తీసివేసి వడకట్టాలి. ఉప్పు చివర వేయాలి. కీళ్ళ దగ్గరి మెత్తని భాగాన్ని, మూలుగను పారవేయకుండా, నమలగలిగినవారు తినాలి.

మన డెల్టా ఉక్కపోతలో సూపును గంటల తరబడి బయట ఉంచరాదు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజులలో ముగించాలి. తాగేముందు ప్రతిసారీ మళ్ళీ బాగా మరిగించాలి.

క్రమం తప్పరాదు

జ్వరం ఉన్న రోజునే సూపు పట్టడం తగదు. శోధన చికిత్స తరువాత జఠరాగ్నిని నిలబెట్టడానికి ఆయుర్వేదం ఒక క్రమాన్ని నిర్దేశించింది. మొదట పలుచని జావ, తరువాత చిక్కని జావ, ఆపైన పప్పుకట్టు, చివర మాంసరసం. మన ఇళ్ళలో జావ, పెసరకట్టు, సూపు అనే వరుసకు ఇదే ఆధారమనిపిస్తుంది. అన్నం తిన్న మనిషికి ఆకలి నిలిచిన తరువాతే సూపు ఆరంభించాలి. ఒక కప్పు చాలు.

యూరిక్ ఆమ్లం ఎక్కువై కీళ్ళవాతం ఉన్నవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా సేవించరాదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు బాగా తగ్గించుకోవాలి.

సున్నం ఎక్కడ దొరుకుతుంది?

పాలు, పెరుగు, మజ్జిగ మొదటివి. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా, మునగాకులోనూ అంతే ప్రమాణంలో కాల్షియం ఉంటుంది. నువ్వులలో ఇంకా ఎక్కువ. మాంసాహారులకు మన తీరం ఇచ్చిన వరం మెత్తళ్ళు. ఈ చిన్న చేపలను ముల్లుతో సహా నమిలి తింటాము కనుక అందులోని సున్నం నిజంగానే మనకు అందుతుంది. ఎండు మెత్తళ్ళు అయితే ఉప్పు పోయేలా కడిగి వండాలి. ఈ సున్నం ఒంటపట్టాలంటే డి విటమిన్ కావాలి; దానికి చర్మానికి ఎండ తగలాలి. ఎముకకు బరువు తగిలేలా రోజూ నడవాలి. వైద్యులు మాత్రలు వ్రాస్తే మానరాదు.

శాకాహారులు సూపు లేదని చింతించనక్కరలేదు. కోలుకునే రోగికి మిరియాలు, జీలకర్ర వేసిన పెసరకట్టు చక్కని పథ్యం. అందులో గుప్పెడు మునగాకు వేసి, వడకట్టకుండా ఆకుతో సహా తీసుకుంటే మరీ మంచిది.

మా అమ్మ ఇప్పుడు ఎనభైకి చేరువలో ఉంది. కర్ర సాయం లేనిదే నడవలేదు. ఉదయం రాగిజావలో మజ్జిగ కలిపి ఇస్తాను, మధ్యాహ్నం మాత్ర, పొద్దు వాలేముందు పెరట్లో కాసేపు నీరెండలో కుర్చీ. ఆదివారం మాత్రం సూపు అడుగుతుంది. కాచి ఇస్తాను. ఇష్టంగా తాగుతుంది. తాగి, "ఇది ఎముకలకేనా?" అని నవ్వుతుంది. "కాదమ్మా, ఇది ఆకలికి. ఎముకలకు మాత్ర వేసుకోవాలి" అంటాను.

మీ ఇంట్లో పెద్దవారికి సూపు కప్పు అందించేటప్పుడు ఆ రోజు పాలు, ఎండ, నడక అందాయా అని కూడా ఒక్కసారి చూసుకోండి.