మత్తడికి నీరటి అక్కర్లేదు

ఇబ్రహీంపట్నంలో ఒక మేనమామ ఈ మధ్య మేనకోడలికి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ఆయన డేటాబేస్‌ల దగ్గర రాత్రి డ్యూటీలు చేసీ చేసీ రిటైరైన మనిషి. ఆ పిల్లకు ఆదిభట్ల వైపు ఒక కంపెనీలో డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం నుంచి తొలి ఆన్‌కాల్. వాట్సాప్‌లో పెడితే రెండు రోజుల్లో పైకి ఎక్కడికో పోతుందని కాగితం, పెన్ను తీశాడు. “బిడ్డా, రాత్రి రెండింటికి ఫోన్ మోగితే ముందుగాల ఇన్ని నీళ్లు తాగు, ఆగమాగం కావద్దు” అని మొదలవుతుందా ఉత్తరం.

వెంటనే మాట చెరువు మీదికి మళ్లుతుంది. కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు ఊరికి ఆనుకునే ఉంది మరి. నిండితే మత్తడి ఎవర్నీ అడగకుండా దూకుతుంది. తూము మాత్రం నీళ్లు వదిలే నీరటి వచ్చి, ఏ పొలానికి ఎంత కావాలో చూసి తెరవాల్సిందే. ఒక సర్వర్ పడిపోతే పనిని ఇంకోదానికి మార్చే ఫెయిలోవర్‌ను ఆటోమేట్ చేసేవాళ్లు ఏ పని మత్తడిది, ఏ పని తూముది అన్నది ముందే తేల్చుకోవాలంటాడు ఆయన. రాతలు తీసుకునే ప్రైమరీ పోయిందని ఎక్కువ నోడ్లు, అంటే సర్వర్లు, ఒప్పుకుంటే దాని నకలైన స్టాండ్‌బైని పైకి తేవడం మత్తడి పని. రెండు చోట్లా వేర్వేరు డేటా చేరితే ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది తూము. దాన్ని స్క్రిప్టుకు అప్పగించకూడదు.

ఇందుకు ఆయన చూపించిన ఉదాహరణ ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు. 2018 అక్టోబర్ 22, మనకు తెల్లవారుజామున 4 గంటల 22 నిమిషాలు. అమెరికా తూర్పు తీరంలో ఒక ఆప్టికల్ పరికరం మారుస్తుండగా నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. అంతే. ఆ కాస్తలోనే ఆర్కెస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్ మిగిలిన నోడ్ల మెజారిటీ చూసుకుని, మైఎస్‌క్యూఎల్ ప్రైమరీని పడమటి తీరానికి మార్చేసింది. నియమం ప్రకారం అది తప్పేమీ చేయలేదు. కానీ తూర్పున అప్పటికే రాసిన కొన్ని మార్పులు పడమటికి చేరలేదు, పడమట కొత్త రాతలు మొదలయ్యాయి. ఎక్కువ రద్దీ ఉండే ఒక క్లస్టర్‌లో అలా చిక్కుకున్న రాతలు 954. సైటు నెమ్మదించినా సరే, డేటా పోకూడదని వాళ్లు నిర్ణయించుకున్నారు. అంతా కుదుటపడేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

“ఈ కథ నాకు కొత్త కాదు” అని రాసి, ఉద్యోగం తొలినాళ్ల సంగతొకటి చెప్పాడు. ఒక సంస్థలో రెండే నోడ్లు. ఒకటి బతికుందో లేదో ఇంకోదానికి చెప్పే హార్ట్‌బీట్ తీగ కూడా మామూలు ట్రాఫిక్ పోయే స్విచ్‌లోంచే పోయేది. ఒకనాడు ఆ స్విచ్ మొరాయించింది. అవతలిది చచ్చిపోయిందని దేనికది అనుకుని రెండూ ప్రైమరీలైపోయాయి. కౌంటర్ల దగ్గర ఇద్దరు వేర్వేరు మనుషుల చేతుల్లో ఒకే నంబరు రసీదులు! ప్రింటవుట్లు నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, ఎర్ర పెన్నుతో ఒక్కొక్క వరుసా సరిచూశాడట. స్ప్లిట్ బ్రెయిన్ అన్న మాట ఆయన పుస్తకంలో చదివింది ఆ తర్వాతే.

అందుకే ఫెన్సింగ్ దగ్గర ఆయన గొంతు పెరుగుతుంది. కొత్తదాన్ని నిలబెట్టే ముందు పాతది ఇక రాయలేదని రూఢి చేసుకోవాలి. అవసరమైతే దాని కరెంటే తీసేయాలి. క్లస్టర్‌ను నడిపే పేస్‌మేకర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు దీన్ని స్టోనిత్ అంటారు. పక్క నోడ్ తలకు గురిపెట్టి కాల్చమని దాని అర్థం, పేరు పెట్టినవాళ్లకు మొహమాటం లేదు. ఫెన్సింగ్ పూర్తయిందని తేలేదాకా పేస్‌మేకర్ సర్వీసును కదిలించదు. చూసేవాళ్లకు క్లస్టర్ బిగుసుకుపోయినట్టే ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు స్టోనిత్ ఆపేస్తే పోలేదా అంటారు. “అన్నవాడు మేనేజరైనా సరే వినకు” అని ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాడు.

మేనకోడలు పనిచేసేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాని ఫెయిలోవర్ చూసుకునే పాట్రోనీ మీద. అక్కడ పెత్తనం ఈటీసీడీ అనే ఉమ్మడి స్టోర్‌లో ఉండే లీడర్ కీ చేతిలో ఉంటుంది. మామూలు సెట్టింగుల్లో దాని ఆయుష్షు 30 సెకన్లు, పాట్రోనీ 10 సెకన్లకోసారి తొంగిచూస్తుంది. గడువులోగా కీని పొడిగించుకోలేని ప్రైమరీ తనంతట తానే తప్పుకుంటుంది. ఫెయిలోవర్ తొందరగా జరగాలని ఆ 30ని బాగా తగ్గిస్తే నెట్‌వర్క్ తుమ్మినా లీడర్ మారిపోతుంటాడు. ఈటీసీడీ నోడ్లు మూడుంటే ఒకటి పోయినా నడుస్తుంది. రెండే ఉంటే ఒకటి పోగానే మెజారిటీ పోతుంది. నాలుగు పెట్టినా తట్టుకునేది ఒక్క నష్టాన్నే. 2022 నవంబర్‌లో మొదలైన అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్‌లో అవైలబిలిటీ జోన్లు మూడు. నోడ్లను తలో జోన్‌లో పెట్టారా, మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయా అన్నది వెళ్లిన మొదటి రోజే అడగమన్నాడు.

ఇక గండి ఎక్కడ పడిందో, అంటే తప్పు ఎక్కడుందో, వెతికే పద్ధతి. ఏదీ రీస్టార్ట్ చేయకముందే పాట్రోనీసీటీఎల్ లిస్ట్ కొట్టి ఎవరు లీడరో, ఎవరు ఎంత వెనకబడ్డారో కాగితం మీద రాసుకోవాలి. రీస్టార్ట్ చేస్తే సాక్ష్యం చెదిరిపోతుంది. తర్వాత అన్ని నోడ్ల గడియారాలు కలుస్తున్నాయో లేదో చూడాలి, లేకపోతే లాగ్ ఫైళ్లలో ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఆ తర్వాత డిస్కు. పడిపోయిన స్టాండ్‌బై కోసం రెప్లికేషన్ స్లాట్ మార్పుల చిట్టా అయిన వాల్ (WAL) ఫైళ్లను పట్టుకునే కూర్చుంటుంది. అవి పెరిగి పెరిగి డిస్కు నిండి ఆరోగ్యంగా ఉన్న ప్రైమరీ కూడా ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి దీనికి హద్దు పెట్టుకునే సెట్టింగు ఉంది. మనం పెట్టుకోకపోతే మాత్రం హద్దు లేనట్టే.

కమాండ్ కొట్టేముందు ప్రాంప్టులో సర్వర్ పేరు పైకి చదవమంటాడు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు సెకండరీ అనుకుని ప్రైమరీ డేటా డైరెక్టరీ చెరిపేశాడు. తప్పు తెలిసి ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ. రోజువారీ బ్యాకప్ చూస్తే వెర్షన్ కుదరక చడీచప్పుడు లేకుండా ఫెయిలవుతూ వస్తోంది. ఆరు గంటల కిందటి స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. కాబట్టి నెలకోసారి పట్టపగలు, టీమంతా కుర్చీల్లో ఉన్నప్పుడు స్విచ్‌ఓవర్ చేసి చూసుకోవాలి, బ్యాకప్‌ను నిజంగా రీస్టోర్ చేయాలి.

ఆశీస్సులు, సంతకం అయ్యాక అంచున ఇరికించి రాసిన ముక్క ఇంకొకటుంది. “శుక్రవారం ప్యాచింగ్ కోసమని పాట్రోనీని పాజ్‌లో పెట్టినమని ఫోన్ల చెప్పినవు. తీసిండ్రా? పాజ్‌లో ఉంటే ప్రైమరీ పడిపోయినా అది ఎవర్నీ పైకి తేదు. ఉత్తరం మడిచి పెట్టేముందు ఒకసారి చూసి నాకు ఫోన్ చెయ్యి.”