అర చెంచా దగ్గర మొదలుపెట్టండి

జనవరి మొదటి వారంలో జిమ్ములు కిటకిటలాడతాయి. సంక్రాంతికి ఊరెళ్లి అరిసెలో సకినాలో తిని తిరిగొచ్చాక అందులో సగం మంది కనిపించరు. ఆరంభశూరత్వం అని ఎగతాళి చేస్తాం గానీ, నన్నడిగితే అందులో బద్ధకం పాలు తక్కువే. పెట్టుకున్న పనే మరీ పెద్దది. తొమ్మిది గంటలు కుర్చీలో, రెండు గంటలు ట్రాఫిక్‌లో గడిపే మనిషి రేపటి నుంచి ఐదింటికే లేచి గంటసేపు పరిగెత్తుతానంటే ఒళ్లూ సహకరించదు, ఇంటి పనులూ సాగనివ్వవు.

అందుకని టీతో మొదలుపెడదాం. ఇంట్లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఆఫీసులో రెండు. కప్పుకి రెండు చెంచాల చొప్పున ఎనిమిది చెంచాలు, అంటే దాదాపు 40 గ్రాముల పంచదార. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం పైనుంచి కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకూడదు. కూల్‌డ్రింకూ, ఎవరిదో పుట్టినరోజు కేకూ లెక్కలోకి రాకముందే మనం హద్దు దాటేశాం.

అలాగని ఒక్కసారిగా మానేయకండి. నాలుగో రోజున విసుగొచ్చి మూడు చెంచాలు వేసుకుంటారు. కప్పుకి అర చెంచా తగ్గించి, నాలుక దానికి అలవాటు పడేదాకా కొన్ని వారాలు ఆగండి. చప్పగా అనిపించడం మానేశాకే ఇంకో అర చెంచా. ఇంట్లో ఇది సులువే. బండి దగ్గర చక్కెర ముందే గిన్నెలో కలిసిపోయి ఉంటుంది, చాలా ఆఫీసుల్లో మెషీన్ పొడిలోనూ అంతే. అక్కడ తగ్గించాల్సింది టీనే: తోటి ఉద్యోగితో కలిసి వన్ బై టూ చెప్పండి. టీలో తగ్గిందన్న ధైర్యంతో పక్కనే ఇంకో ఉస్మానియా బిస్కెట్ లాగించకూడదు సుమా!

నడకకూ ఇదే పద్ధతి. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా కదలమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఒక్కో విడత పది నిమిషాలైనా ఉండాలన్న పాత షరతును 2020లో తీసేసింది కూడా. కాబట్టి ఐదు నిమిషాలూ లెక్కే. రోజుకు పదివేల అడుగులు పడలేదని దిగులు వద్దు. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరులోంచి పాకింది, వైద్య పరిశోధనలోంచి కాదు.

కొత్త పనిని గడియారానికి ముడిపెట్టకండి, రోజూ ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టండి. ‘ఒంటిగంటన్నరకు నడుస్తాను’ అనుకుంటే ఒక మీటింగ్ చాలు చెడగొట్టడానికి. ‘లంచ్ బాక్స్ కడిగాక పార్కింగ్ చుట్టూ ఒక చుట్టు’ అనుకుంటే, బాక్స్ ఎప్పుడు కడిగితే అప్పుడే గుర్తొస్తుంది. వారానికో షిఫ్ట్ మారే నర్సులకూ, కాల్‌సెంటర్ వాళ్లకూ ఇదొక్కటే పనికొస్తుంది. వాళ్లకు డ్యూటీ మొదలయ్యేది ఒక వారం పొద్దున, మరో వారం రాత్రి. క్యాబ్ దిగి గేటు దాటడం మాత్రం ఏ షిఫ్టులోనైనా తప్పదు. లిఫ్ట్ వదిలి ఒక అంతస్తు మెట్లెక్కడాన్ని అక్కడ తగిలించుకోవచ్చు.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందనే మాట నమ్మి చాలామంది నెల తిరక్కుండానే నిరాశపడతారు. అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960 నాటి తన పుస్తకంలో, రోగులకు తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం అన్ని రోజులు పడుతోందని రాశారు. అది చేతులు మారుతూ మారుతూ సూత్రమై కూర్చుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో వెలువరించిన పరిశోధనలో సగటు 66 రోజులని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా వేశారు. మంచినీళ్లు తాగడం లాంటివి త్వరగా కుదిరాయి, వ్యాయామం ఆలస్యమైంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం కనిపించలేదు. కాబట్టి పెళ్లికెళ్లి రెండు జిలేబీలు తిన్నందుకు మొత్తం వ్రతభంగమైనట్టు బాధపడక్కర్లేదు.

ఒకేసారి టీ, నడక, నిద్ర, ఫోను అన్నిటి మీదా పడకండి. ఈ నెలకు ఒకటి చాలు. షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు మాత్రం చక్కెర తగ్గించే ముందు డాక్టరుకు ఒక మాట చెప్పండి, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.