రోగి పక్కన ఉన్న మీరు నిద్రపోతున్నారా?

మీ అమ్మగారో, భర్తో, బిడ్డో మంచం మీద ఉన్నారు. మంచం పక్కన చాప మీద మీరున్నారు. పొద్దున్నే డాక్టరుగారు వచ్చి "రాత్రి నిద్ర పట్టిందా?" అని రోగిని అడుగుతారు. మిమ్మల్ని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ఈ పాఠంలో మిమ్మల్ని అడుగుతున్నాం.

"మనిషి ఈ స్థితిలో ఉంటే నేనెలా పడుకుంటాను?" అని మీరు అనవచ్చు. అది ప్రేమతో అనే మాటే. అయితే ఒక సంగతి గమనించండి. మందు వేళకు వేసేది మీరు, జ్వరం పెరిగితే మొదట కనిపెట్టేది మీరు. కాబట్టి మీ విశ్రాంతి కూడా రోగి వైద్యంలో ఒక భాగమే.

నిద్ర చాలకపోతే ఏమవుతుంది?

పెద్దవారికి రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరం. గంటకోసారి లేస్తూ పడుకున్న నిద్రలో గాఢనిద్ర తక్కువ. అందుకే రాత్రంతా పడుకున్నట్టే ఉన్నా ఒళ్ళు తేలికపడదు. ఇలా రెండు మూడు రాత్రులు గడిస్తే మతిమరుపు, చిరాకు, తలనొప్పి మొదలవుతాయి. వేసిన మాత్రే మళ్ళీ వేయడం, ఇన్సులిన్ కొలత తప్పడం వంటి పొరపాట్లు జరిగేది అప్పుడే.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక విషయం చూపించారు. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోయింది. మన దేశంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే బండి నడపడం నేరం. రోగిని కాకినాడ ఆసుపత్రిలో ఉంచి, రాత్రంతా మేలుకుని, తెల్లవారుజామున మోటారు సైకిలు మీద సుమారు 30 కిలోమీటర్లు ద్రాక్షారామం వచ్చేవారు ఈ సంగతి మరువకూడదు. బస్సు ఎక్కండి, లేదా కాసేపు పడుకుని బయలుదేరండి.

వంతులు వేసుకోండి

దాళ్వాలో గోదావరి నీరు తగ్గితే మన కాలువలకు వంతులవారీగా నీళ్ళు వదులుతారు. వంతు లేకపోతే శివారు చేలు ఎండిపోతాయి. ఇంట్లో సేవ చేసే మనిషి శివారు చేను లాంటిది. అందరి అవసరాలూ తీరాక మిగిలిన నిద్రే ఆమెకు దక్కుతుంది. అందుకని నిద్రకు కూడా వంతు పెట్టండి.

1. ఒకే మనిషి వరుసగా రెండు రాత్రులు మేలుకోకూడదు. ఇద్దరుంటే రాత్రిని రెండుగా పంచుకోండి.

2. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని చూడడానికి వచ్చిన చుట్టాలను "రెండు గంటలు మీరు కూర్చోండి, నేను పడుకుంటాను" అని అడగండి. మొహమాటపడకండి.

3. వంతు మారేటప్పుడు ఏ మందు ఎన్నింటికి వేశారో కాగితం మీద రాసి ఇవ్వండి.

4. రాత్రి వేయవలసిన మందుల వేళలు దగ్గర చేయవచ్చునేమో నర్సును అడగండి. మీ అంతట మీరు మార్చకండి.

ఉన్న కాస్త సమయంలో

మధ్యాహ్నం మూడు గంటల లోపు 20, 30 నిమిషాల కునుకు తీయండి. కళ్ళ మీద తువ్వాలు కప్పుకోండి, సెల్‌ఫోను దూరంగా పెట్టండి. సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీ మానండి. తాగిన ఐదారు గంటల తరువాత కూడా వాటి ప్రభావం సగం వరకు ఒంట్లో ఉంటుంది. రోగి తిన్నాక తిందామని భోజనం వాయిదా వేయకండి. మరుగుదొడ్డి దూరమని నీళ్ళు తాగడం తగ్గించకండి. రోగికి ఇచ్చిన నిద్రమాత్ర మీరు ఎన్నడూ వేసుకోకండి.

విశ్రాంతితో తీరని అలసట

సరిగా నిద్రపోయినా రెండు వారాలకు మించి నీరసం ఉంటే పరీక్ష చేయించుకోండి. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, క్షయ వంటి జబ్బులు ముందు అలసటగానే కనిపించవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గకూడదు. ఆయాసం, గుండెనొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం ఆగకుండా వెంటనే చూపించుకోండి.

ఏ పని మీదా మనసు నిలవక, ఊరికే ఏడుపు వస్తుంటే దాచుకోకండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ సలహాదారులు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడతారు.

గుర్తుంచుకోండి: రోగి ఇంటికి వచ్చాక కూడా మీ సేవ చాలా రోజులు కావాలి. అప్పటికి మీరు నిలబడి ఉండాలి. ఈ రాత్రి ఎవరి వంతో చీకటి పడకముందే మాట్లాడుకోండి.