యోసేపు దాచిన అయిదవ భాగము

యౌవనస్థుల పాఠము
పఠనీయ భాగములు: ఆదికాండము 41:25–57, యోహాను 6:1–13



యోసేపు చరిత్ర మనకు బాల్యమునుండి తెలిసినదే. అన్నల ద్వేషము, గుంట, చెరసాల, ఫరో కలలు, ఇవన్నియు ఆదివారపు బడిలో వినియున్నాము. అయితే కలల భావము చెప్పిన తరువాత అతడు చేసిన పనిని మనము తరచుగా దాటిపోవుదుము. ఆ పనియే నేటి పాఠము.

1. అతడు చేసిన పని

ముప్పది యేండ్ల యువకుడు (41:46) ఒక దేశపు ఆహారమునకు బాధ్యుడాయెను. సమృద్ధిగల యేడు సంవత్సరములలో పంటయందు అయిదవ భాగము తీయింపవలెనని అతడే ఆలోచన చెప్పెను (41:34). ఏ పట్టణము చుట్టునున్న పొలముల ధాన్యమును ఆ పట్టణములోనే నిలువచేయించెను (41:48). ఇందులో కొలతలు, లెక్కలు, కొట్లు, కాపుదల తప్ప మరేమియు లేదు. అయినను కరవు వచ్చినప్పుడు ప్రాణములను నిలిపినది ఆ పనియే. దేవుని పిలుపు ప్రసంగ వేదికకే గాక ధాన్యపు కొట్టునకును వచ్చునని గ్రహింపుడి.

2. నేటి అయిదవ భాగము

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2022లో లోకమందలి ఇండ్లలోను, భోజనశాలలలోను, దుకాణములలోను పారవేయబడిన ఆహారము 105 కోట్ల టన్నులు. ప్రజలకు అందిన ఆహారములో ఇది 19 శాతము, అనగా ఇంచుమించు అయిదవ భాగము. యోసేపు అయిదవ భాగమును దాచి జనులను బ్రదికించెను. మన తరము అయిదవ భాగమును చెత్తకుప్పలో పోయుచున్నది. పారవేసిన అన్నముతో దానిని పండించిన నీరును, ఎరువును, రైతు చెమటయు పోవును.

3. మన పట్టణముల చుట్టునున్న పొలములు

1963లో పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగరు ప్రాజెక్టు నీటితో మన ప్రాంతమున వరి విస్తరించినది. జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధన స్థానము 'జగిత్యాల సన్నాలు' వంటి వంగడములను ఇచ్చినది. పంట పండించుట నేర్చితిమి. పండినదానిని చెడకుండ కాచుట ఇంకను నేర్వవలసియున్నది.

నూరు కిలోల వడ్లు మరపట్టినయెడల సుమారు 67 కిలోల బియ్యము వచ్చును. తక్కినది చాలవరకు ఊకయు తవుడును. ఊక ఉప్పుడు బియ్యపు మిల్లులో బాయిలరునకు ఇంధనమగును. తవుడులో మంచి నూనె యున్నది. కాని గింజనుండి వేరైన గంటలలోనే అది చెడనారంభించును. వెంటనే వేడిచేసి నిలుపు విధము తెలిసినవాడున్నచో అది వంటనూనెకు పనికివచ్చును; లేనిచో ముక్కవాసన పట్టును.

వేసవి గాలివానకు రాలిన పచ్చి మామిడికాయలను చూడుడి. వాటి చెక్కు తీసి, ముక్కలు కోసి, ఎండబెట్టి ఆమ్‌చూరుగా నిజామాబాదు మార్కెటుకు పంపుదురు. రాలినదియు కూడు పెట్టుచున్నది! అయితే కార్బైడుతో పండ్లు మాగబెట్టుట చట్టము నిషేధించినది. పొరుగువాని ఆరోగ్యమును చెరిపి లాభము పొందుటయు దేవుడిచ్చిన ఆహారమును పాడుచేయుటయే. కావున ఈ వృత్తికి విద్య ఎంత అవసరమో మనస్సాక్షియు అంత అవసరము.

4. ఒక సాక్ష్యము

సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున, 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో బీద దళిత స్త్రీలు చేరిరి. వారు జొన్న, కొర్ర మొదలగు పాత పంటల విత్తనములను దాచి, ఒకరికొకరు ఇచ్చుకొని, బీడు భూములను సాగుచేసిరి. ఆ స్త్రీల సంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము లభించెను. చదువు లేనివారు దాచిన విత్తనము లోకమునకు పాఠమైనయెడల, చదువుకొనిన మీరు ఎంత చేయగలరు!

5. దారి ఏది?

పొలాసలో వ్యవసాయ కళాశాల యున్నది. నిజామాబాదు జిల్లా రుద్రూరులో ఆహార సాంకేతిక విద్యా కళాశాల యున్నది. పెద్ద చదువు అందనివారికి బాయిలరు, శీతల గిడ్డంగి, పొట్లములు కట్టు యంత్రము, వీటిని నడుపు నేర్పు కూడ గౌరవమైన జీవనమే. సిరిసిల్ల నేతగాడు తెగిన పోగును పారవేయక ముడివేయును. ఆహారపు పనిలోను అట్టి చేతులు కావలెను.

మన ఇండ్లనుండి ఎందరో గల్ఫు దేశములకు వెళ్లియున్నారు. వారి కష్టమును తక్కువచేయము. యోసేపును పరదేశములోనే పనిచేసెను. అయితే వెళ్లుట తప్ప వేరు మార్గము లేదని మన పిల్లలు నిరాశపడరాదు. తలిదండ్రులారా, మీ కుమారుడు గాని కుమార్తె గాని మిల్లు పనియో, పచ్చళ్ల పరిశ్రమయో నేర్చుకొందునన్నప్పుడు "చదివి చదివి ఇదా?" అని కించపరచకుడి. ఆ ఒక్క మాట ఒక పిలుపును ఆర్పివేయగలదు.

అయిదు రొట్టెలతో అయిదు వేలమందిని తృప్తిపరచిన ప్రభువు మిగిలిన ముక్కలను గడ్డిమీద విడువనీయలేదు. వాటిని ఏరు పనిని శిష్యులకే అప్పగించెను. పండ్రెండు గంపలు నిండెను. నేడు ఆ గంప పట్టువారెవరు?

ఆలోచించుటకు:
1. గత వారము మన ఇంట పారవేయబడిన ఆహారమెంత?
2. మన సంఘపు విందులలో మిగిలినది ఎవరికి చేరుచున్నది?
3. ఈ పనికి పిలువబడిన యౌవనస్థుడు మన మధ్య నున్నయెడల, సంఘము అతనికి ఏ సహాయము చేయగలదు?

ప్రార్థన: తండ్రీ, నీవిచ్చిన ఆహారమును కాచు జ్ఞానమును, ఆకలిగొన్నవారిని చూచు కన్నులను మా బిడ్డలకు దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.