ఫ్యూజు పని వేరు, స్విచ్చి పని వేరు

మా నస్పూర్‌ను ఆనుకొనే శ్రీరాంపూర్ బొగ్గు గనులున్నాయి. షిఫ్టుకు వెళ్ళే కార్మికుడు గనిలోకి దిగేముందు ల్యాంపు రూములో ఆగి తన క్యాప్ ల్యాంపు తీసుకుంటాడు. దీపం టోపీకి, బ్యాటరీ నడుముకు, రెండింటి మధ్య ఒక కేబులు. చాలాకాలం అందులో 4 వోల్టుల సీసపు బ్యాటరీ ఉండేది. తరువాత తేలికైన లిథియం బ్యాటరీలు వచ్చాయి. కేబులు నలిగి లోపలి తీగలు రెండూ తాకితే విద్యుత్తును ఆపే ఏర్పాటు మాత్రం బ్యాటరీ దగ్గరే ఉండాలి. ఎందుకంటే గాలిలో మీథేను 5 నుండి 15 శాతం వరకు ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. 1913 అక్టోబరు 14న వేల్సు దేశంలోని సెంఘెనిడ్ గనిలో 439 మంది కార్మికులు చనిపోయారు. విద్యుత్ గంట తీగల వద్ద లేచిన నిప్పురవ్వే కారణమై ఉండవచ్చని అనుమానించారు. ఆ గంటలు నడిచేది చిన్న బ్యాటరీల మీదనే!

మనం తయారుచేసే పరికరాల చుట్టూ మీథేను ఉండదు. అయినా "బ్యాటరీయే కదా, ఏమవుతుంది?" అనే మాట ప్రమాదకరమే. ఒక ఉదాహరణతో చూద్దాం. సైన్సు ప్రదర్శనకు నమూనాలు చేసేటప్పుడు థర్మోకోలు కోయడానికి వేడి తీగ కావాలి. 28 గేజి నిక్రోమ్ తీగ 25 సెం.మీ. తీసుకుంటే దాని నిరోధం సుమారు 2.5 ఓములు. 1.2 వోల్టుల రీఛార్జి ఘటాలు నాలుగు శ్రేణిలో కలిపితే 4.8 వోల్టులు. ఓమ్ నియమం ప్రకారం 4.8ని 2.5తో భాగించండి: 1.92 ఆంపియర్లు. ఫ్యూజు, స్విచ్చి ఎంపిక మొత్తం ఈ అంకె మీదనే ఆధారపడుతుంది. దుకాణానికి వెళ్ళాక లెక్కవేద్దామనుకుంటే దుకాణదారు ఇచ్చిందే తెచ్చుకుంటారు.

ఇప్పుడు పొరపాటున తీగలు తాకాయనుకోండి. నిక్రోమ్ తీగ లెక్కలోంచి పోతుంది. మిగిలేది ఘటాల లోపలి నిరోధం, కలిపే తీగల నిరోధం మాత్రమే. అది 0.2 ఓము అనుకుంటే ప్రవాహం 24 ఆంపియర్లు! ఇది మామూలు ప్రవాహానికి పన్నెండున్నర రెట్లు. వేడి ప్రవాహ వర్గాన్నిబట్టి పెరుగుతుంది కనుక కలిపే తీగల్లో వేడి 156 రెట్లవుతుంది. ప్లాస్టిక్ తొడుగు కరగడానికి ఎంతోసేపు పట్టదు. పాత ల్యాప్‌టాపుల నుండి ఊడదీసిన లిథియం ఘటాలైతే ఇంకా ప్రమాదం. అవి మంటలే లేపగలవు. వాటి జోలికి పోకండి.

ఫ్యూజు ఎంతది పెట్టాలి? 2 ఆంపియర్లది పెడితే అది ఎప్పుడూ తన హద్దు దగ్గరే పనిచేస్తూ త్వరగా అలసిపోతుంది. 5 ఆంపియర్లది పెడితే అవసరానికి మించిన వదులు. 3 ఆంపియర్లది సరైనది. 3 ఆంపియర్ల ఫ్యూజు 3 ఆంపియర్ల వద్ద కాలదని గుర్తుంచుకోండి. ఆ ప్రవాహాన్ని అది మోయగలదని మాత్రమే దాని అర్థం. 6 ఆంపియర్ల వద్ద కూడా కొంతసేపు ఓర్చుకోవచ్చు. 24 వద్ద మాత్రం సెకనులో చిన్న భాగంలోనే తెగుతుంది. గాజు ఫ్యూజు టోపీ మీద "ఎఫ్" అక్షరం ఉంటే వేగంగా తెగే రకం, "టి" ఉంటే కాస్త ఆగి తెగే రకం. నిక్రోమ్ నిరోధం వేడెక్కినా పెద్దగా మారదు కాబట్టి మనకు "ఎఫ్" చాలు. కలిపే తీగలు 3 ఆంపియర్లను సులువుగా మోసేంత లావుగా ఉండాలి. ఫ్యూజును ఘటాల ధన ధ్రువం పక్కనే పెట్టాలి. దూరంగా పెడితే ఆ మధ్య తీగకు కాపలా ఉండదు.

తనంతట తానే కోలుకునే పాలీఫ్యూజు కూడా దొరుకుతుంది. అది వేడికి స్పందిస్తుంది. మన ఉత్తర తెలంగాణలో మే నెల ఎండకు మూసిన పెట్టె లోపల 50 డిగ్రీలకు చేరితే దాని మోసే శక్తి దాదాపు నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది. అందుకే నా ఓటు గాజు ఫ్యూజుకే.

స్విచ్చి సంగతికి వద్దాం. చిన్న నొక్కుడు బటన్లు చాలావరకు 0.05 ఆంపియరు కోసం చేసినవి. 1.92 ఆంపియర్లు పంపితే వాటి లోపలి స్పర్శలు మాడి అతుక్కుపోతాయి. కనుక బటను మాస్‌ఫెట్ గేటుకు మాత్రమే ఆజ్ఞ ఇవ్వాలి, బరువు మాస్‌ఫెట్ మోయాలి. ఇక్కడ ఒక అక్షరం దగ్గర చాలామంది మోసపోతారు. ఐ.ఆర్.ఎఫ్.జెడ్ 44 ఎన్ పూర్తిగా తెరుచుకోవడానికి గేటుకు 10 వోల్టులు కావాలి. మన 4.8 వోల్టులకు సగమే తెరుచుకొని వేడెక్కుతుంది. ఐ.ఆర్.ఎల్.జెడ్ 44 ఎన్ అయితే 4 వోల్టులకే నిరోధం 0.035 ఓముకు మించదు. అందులో పుట్టే వేడి 0.13 వాటు, లెక్కలోకి రాదు. గేటుకు, సోర్సుకు మధ్య 10 కిలో ఓముల నిరోధం మరవవద్దు. అది లేకపోతే బటను వదిలినా గేటు మీది ఆవేశం పోక తీగ వేడెక్కుతూనే ఉంటుంది.

అసలు చిక్కు ఇప్పుడు చూడండి. మాస్‌ఫెట్ చెడిపోతే తరచు మూసిన స్విచ్చిలా మిగిలిపోతుంది. అప్పుడు బటను నొక్కకుండానే 1.92 ఆంపియర్లు పారుతుంటాయి. 3 ఆంపియర్ల ఫ్యూజుకు అందులో తప్పేమీ కనిపించదు! అది కాలదు, తీగ మాత్రం థర్మోకోలును, బల్లను కాలుస్తుంది. ప్రవాహం ఎక్కువైతేనే ఫ్యూజు చూసుకుంటుంది. ఆగవలసినప్పుడు ఆగకపోతే దానికి తెలియదు. అందుకే ఫ్యూజు తరువాత చేత్తో మూసే మెయిన్ స్విచ్చి వేరుగా ఉండాలి. అది కనీసం 3 ఆంపియర్ల డి.సి.కి తగినదై ఉండాలి.

బ్యాటరీ, బటను, మాస్‌ఫెట్, వేడి తీగ: ఇదే వలయం ఇ-సిగరెట్టులోనూ ఉంటుంది. అది జేబులో దానంతటదే వేడెక్కడానికి ఒక కారణం కూడా ఇదే. దాని తయారీ, అమ్మకం 2019 నుండి మన దేశంలో చట్టరీత్యా నేరం. పొగలోని నికోటిన్ సంగతి సరేసరి.

కట్టరును పెద్దల సమక్షంలో, కిటికీలు తెరిచి వాడండి. థర్మోకోలు పొగ పీల్చకూడదు. ఘటాలు పెట్టకముందే మల్టీమీటరుతో కొలవండి. మెయిన్ స్విచ్చి మూసి, బటను నొక్కకుండా రెండు చివరల మధ్య నిరోధం చూడండి. అది చాలా ఎక్కువగా ఉండక 2, 3 ఓములే చూపితే మాస్‌ఫెట్ పోయినట్లే. ఫ్యూజు కాలితే మొదట తాకిన తీగలను వెతికి, తరువాతే మరో 3 ఆంపియర్లది వేయండి. రాగి తీగ చుట్టి పని జరుపుకోకండి.