చేతినొప్పి: నరమా, గుండెయా?

హైదరాబాదునందలి మధురానగరు, కృష్ణానగరు ప్రాంతములలో చలనచిత్ర కార్మికులు అనేకులు నివసించుచున్నారు. చిత్రీకరణకు బరువైన దీపములను మోయువారికి మెడ పట్టుట, చేయి లాగుట సామాన్యము. మన గ్రామములలో ధాన్యపు బస్తాలు మోయువారి అనుభవమును ఇదియే. కనుకనే చేయి నొచ్చినంతనే "నరము పట్టినది" అని తలంతుము. పెక్కుసార్లు అది నిజమే. కాని గుండెపోటును చేతినొప్పి రూపమున రావచ్చును. ఈ భేదమును పంచాయతీ సభ్యులు ఎరిగియుండవలెను.

నరపునొప్పి: మెడ ఎముకల నడుమ నుండి వెలువడు నరము ఒత్తిడికి లోనైనచో నొప్పి మెడ నుండి భుజము మీదుగా సాధారణముగా ఒక చేతిలోనికి దిగును. వ్రేళ్లు తిమ్మిరెక్కును, సూదులు గ్రుచ్చినట్లుండును. మెడ త్రిప్పినపుడు హెచ్చును. చేతిని తలపై నుంచుకొనినచో కొందరికి తగ్గును. చేయి బలము తగ్గినను, నడక తడబడినను వెంటనే వైద్యునకు చూపవలెను.

గుండెనొప్పి: ఛాతీ నడుమ బరువు పెట్టినట్లుండి, చేతులకు, మెడకు, దవడకు, వీపునకు ప్రాకును. నడచినపుడు హెచ్చి, విశ్రమించినపుడు తగ్గుట గుండె రక్తనాళములు ఇరుకైనవనుటకు సూచన. విశ్రమించినను తగ్గక, చెమటయు ఆయాసమును తోడైనచో గుండెపోటని భావింపవలెను. స్త్రీలకు, వృద్ధులకు, మధుమేహము గలవారికి ఛాతీనొప్పి లేకయే ఇది రావచ్చును.

ఈ గుర్తులతో ఇంటివద్దనే తీర్పు చెప్పరాదు. మెడనొప్పి గలవారికి గుండెజబ్బు రాదను నియమము లేదు. సందేహమున్నచో గుండెయే అని తలచి ఇ.సి.జి. తీయించవలెను. అది మొదట సరిగా నున్నను, నొప్పి నిలిచినచో మరల తీయించవలెను.

వైద్యశాలలకు కొదువలేని హైదరాబాదులోనే 1996 జనవరి 18న నందమూరి తారక రామారావు గారు గుండెపోటుతో స్వగృహమున మరణించిరి. ఇక వైద్యశాల దూరమైన గ్రామమున ఆలస్యమెంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. నాళమున గడ్డకట్టిన రక్తము ప్రవాహము నడ్డుకొన్నంతసేపు గుండె కండరము నశించుచునే యుండును. కావున తైలమర్దనముతోను, తెల్లవారనిమ్మనుటతోను కాలము గడుపరాదు.

2005 ఆగస్టు 15న మన ప్రాంతమున 108 అంబులెన్సు సేవ ప్రారంభమైనది. ఆ సంఖ్యను పంచాయతీ గోడపై వ్రాయించుడు. రాత్రివేళ అంబులెన్సు రాక ఆలస్యమైనచో ఎవరి వాహనము బయలుదేరవలెనో, ఇ.సి.జి. తీయు ఆసుపత్రి ఎచ్చట నున్నదో ముందుగనే నిర్ణయించుడు. నరపునొప్పియని తేలినచో పోవునది ప్రయాణపు ఖర్చు మాత్రమే. గుండెపోటైనచో నిలుచునది ఒక ప్రాణము.