పందెపు గుఱ్ఱముల ప్రమాణకాలము, వేగాంకము

గత సంవత్సరము క్రీడల ఎంపికలో మే మొక తప్పు చేసితిమి. పై పోటీలలో 400 మీటర్ల పరుగునకు ఒక్క బాలుని మాత్రమే పంపవలసి యుండెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో వేర్వేరు దినములందు పరుగులు పెట్టితిమి. మిర్యాలగూడలో ప్రథముడు 62 సెకన్లలోను, కోదాడలో 63 సెకన్లలోను, సూర్యాపేటలో 64 సెకన్లలోను పరుగు ముగించిరి. కాగితము జూచి, 62 అన్నిటికంటె తక్కువ గదా యని, మిర్యాలగూడ బాలుని పేరు వ్రాసి పంపితిమి. సూర్యాపేట బాలు డేమియు ననలేదు. అతని తండ్రి మాత్రము వచ్చి, “సారూ, ముందురోజు వాన పడ్డది గద. మావోడు బురదల ఉరికిండు” అనెను. “వాన అందఱికిని వానయే” యని మేము సమాధానము చెప్పి పంపితిమి. కాని ఆ వాన సూర్యాపేటలోనే కురిసినది. తక్కిన రెండు చోట్లను నేల పొడిగా నుండెను.

గడియారము చూపు కాలములో పరుగెత్తువాని శక్తి యెంత, నేల గుణ మెంత? ఈ ప్రశ్నను మనకంటె ముందుగా గుఱ్ఱపు పందెములవారు విచారించిరి. పందెము కాయుట మంచిదని చెప్పుట మా యుద్దేశము కాదు. ఆ వ్యసనమువలన చెడిన కుటుంబములను చదువరులును ఎఱుగుదురు. వారి గణితమును మాత్రము గైకొందము.

మన బాలురలో అనేకులు గుఱ్ఱపు పందెమును చూచి యుండరు గాని, శివరాత్రి జాతరకు మేళ్లచెరువు పోయి ఎడ్లు బండ లాగుట చూచినవారు తఱచు. అచ్చట కాలము నియతము. ఆ నిమిషములలో జత బండను ఎన్ని యడుగులు లాగెనో కొలుతురు. గుఱ్ఱపు పందెమున దూరము నియతము, కాలమును కొలుతురు. రెండును ఒకే లెక్కకు రెండు ముఖములు. అచ్చట పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆఱు పళ్ళు అని వయసునుబట్టి జతలను విభజింతురు గదా. ఇంగ్లండులో అడ్మిరల్ రౌస్ అనునతడు 19వ శతాబ్ది మధ్యమున, ఏ వయసు గుఱ్ఱము ఏ నెలలో ఎంత బరువు మోయవలయునో పట్టిక గట్టెను. లేతదానిని ముదిరినదానితో ఊరక పోల్చరాదను న్యాయము ఉభయత్ర సమానమే.

మన ప్రాంతమునకు సమీపమైన గుఱ్ఱపు పందెముల స్థలము హైదరాబాదులోని మలక్‌పేట. ఈ పందెములు 1868లో మౌలాలిలో ప్రారంభమై, 1886లో ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమున మలక్‌పేటకు మాఱినవి. అచ్చట 1200 మీటర్ల పరుగు జరిగినదనుకొందము. దానికి ప్రమాణకాలము కనుగొను విధ మిది. ఒకే తరగతి గుఱ్ఱములు, ఒకే దూరము, గట్టినేల గల దినములు, ఈ మూడును కుదిరిన పందెములలో గెలిచిన గుఱ్ఱముల కాలములను వరుసగా వ్రాయవలయును. ఉదాహరణకు తొమ్మిది కాలములు (సెకన్లలో): 72.0, 72.4, 72.6, 72.8, 73.0, 73.2, 73.4, 73.6, 78.0. వీని సగటు 73.44. మధ్యగతము, అనగా నడుమ నున్న అయిదవ సంఖ్య, 73.0.

ఈ రెంటిలో దేనిని గ్రహింపవలయును? 78.0 అను సంఖ్యను చూడుడు. ఆ దినమున జాకీ లందఱును ఒకరి కొకరు వెనుదీయుచు మెల్లగా నడిపి చివర మాత్రమే పరుగెత్తించి యుందురు. ఆ యొక్క పందెమువలన సగటు మధ్యగతముకంటె 0.44 సెకను పైకి పోయినది. స్వల్పమని తోచవచ్చును. కాని 1200 మీటర్లను 73 సెకన్లలో పరుగెత్తు గుఱ్ఱము సెకనుకు సుమారు 16.4 మీటర్లు పోవును, 0.44 సెకనులో 7 మీటర్లకు పైగా పోవును. గుఱ్ఱపు నిడివి సుమారు 8 అడుగులు, అనగా 2.4 మీటర్లు. కనుక అది మూడు నిడివుల భేదము! గెలుపోటములు ఒక్క మూతి భేదముతో తేలు ఆటలో మూడు నిడివులు కొండంత. అందుచేత మధ్యగతమే మేలు. మన ప్రమాణకాలము 73.0.

ఇక దినముయొక్క లెక్క. వాన కురిసిన ఒక దినమున 1000 మీటర్ల పందెము తన ప్రమాణముకంటె 1.0 సెకను, 1400 మీటర్లది 1.4, 1600 మీటర్లది 1.6 ఆలస్యమైన దనుకొందము. ప్రతి 200 మీటర్లకు 0.2 సెకను చొప్పున నేల హరించినదని తెలియును. ఆ దినమే ‘అ’ అను గుఱ్ఱము 1200 మీటర్లను 73.6 సెకన్లలో గెలిచెను. నేల హరించిన 1.2 తీసివేయగా మిగిలినది 72.4. మఱియొక పొడి దినమున ‘ఆ’ అను గుఱ్ఱము 73.1 లో గెలిచెను. గడియారము ‘ఆ’ను మెచ్చును, లెక్క ‘అ’ను మెచ్చును. ప్రమాణకాలమును సవరించిన కాలముచే భాగించి 1000 చే గుణించిన వేగాంకము వచ్చును. ‘అ’కు 1008, ‘ఆ’కు 999.

ఇందులో ఒక చిక్కు గలదు. నేలను కొలుచునపుడు ‘అ’ పరుగెత్తిన పందెమును విడిచిపెట్టితిమని గమనింపుడు. దానినిగూడ చేర్చినచో, ఆ గుఱ్ఱపు వేగములో కొంత నేల ఖాతాలో పడి, తూచవలసిన వస్తువునే తూకపురాయిగా వాడినట్లగును. అట్లే ఆ దినమున నాసి గుఱ్ఱములే పరుగెత్తినచో తప్పు నేలపై పడును. తరగతి కొక ప్రమాణ ముంచుట అందుకొఱకే. మోసిన బరువును సైతము చూడవలయును. అయిదు ఫర్లాంగుల పరుగున ఒక నిడివికి సుమారు 3 పౌండ్లు, మైలు పరుగున సుమారు 2 పౌండ్లు సమానమని వాడుక.

ఇట్టి గణనలకు పేరెక్కిన ఫిల్ బుల్ అను ఆంగ్లేయుడు మొదట లెక్కల పంతులు. 1948లో టైంఫాం అను సంస్థను స్థాపించెను. మా లెక్కల మాస్టరుగారికి ఈ సంగతి చెప్పగా నవ్విరే గాని ఉద్యోగము విడుచుట కొప్పుకొనలేదు.

ఇది యంతయు నేర్చిన పిమ్మట మేము క్రీడల రిజిస్టరును మరల తెఱచితిమి. అయిదేండ్ల కాలములనుబట్టి 400 మీటర్లకు మధ్యగతము మూడు మైదానములందును 63.0 సెకన్లకు చేరువగనే యున్నది. వసతిగృహపు బాలురు కొందఱు మూడుచోట్లను పరుగెత్తి యుండుటచే, ఈ సామ్యము కాకతాళీయము కాదని నమ్మితిమి. సూర్యాపేటలో ఆ దినమున జరిగిన తక్కిన అయిదు పరుగులు తమ ప్రమాణములకంటె నూటికి 4, 5, 5, 6, 9 వంతున ఆలస్యమైనవి. 9 వచ్చినచోట ముందున్న బాలుడు జాఱిపడెను. మధ్యగతము 5. కావున 64 ను 1.05 చే భాగింపగా సుమారు 61 సెకన్లు, వేగాంకము 1034. మిర్యాలగూడలో ఆ దినపు భేదము శూన్యము. 62 సెకన్లకు వేగాంకము 1016. కోదాడలో నేల మిక్కిలి గట్టిగా నుండి పరుగు లన్నియు నూటికి 1 వంతున త్వరగా ముగిసినవి. అచ్చటి 63 సెకన్లకు 990.

అయిదు పరుగులతో నేలను కొలుచుట గుప్పెడు గింజలతో పంటను అంచనా కట్టుటవంటిదే. నూటికి 5 అనుకొన్నది నిజమునకు 4 అయినను సూర్యాపేట బాలుని వేగాంకము 1024. అప్పటికిని అతడే ముందు. 3 అయినచో 1014. మిర్యాలగూడ బాలుడు రెండంకముల ముందుండును. ఈ సందేహమును దాచరాదు. అయినను అయిదింటిలో ఒక్క పరుగైనను 4కు తగ్గలేదు.

ఈ లెక్క వ్రాసిన కాగితమును ఆ తండ్రికి పంపితిమి. బాలుడు పదవ తరగతి ముగించి మా పాఠశాలను విడిచెను. ఆ పోటీని తిరిగి తేలేము. ఈ సంవత్సరము రిజిస్టరున నేల, గాలి, ముందునాటి వాన అను మూడు గడులు చేర్చితిమి. పరుగుల దినమున వానిని నింపుటకు తొమ్మిదవ తరగతినుండి ఇద్దఱు కావలయును. దశాంశ భాగహారము తప్పు లేకుండ చేయగలవారు తమ పేర్లను లెక్కల మాస్టరుగారి కియ్యవలయును.